కంపోస్టు డబ్బా కంపు కొట్టకుండా: ముందు ఎండుటాకు, తర్వాతే తొక్కలు

నల్లగొండలో మేము అద్దెకుండే ఇంటి మిద్దె మీద నేను మొదటి కంపోస్టు డబ్బా పెట్టింది జూన్ నెలలో. రెండు వారాలు తిరక్కుండానే కింది పోర్షన్ పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఏం వాసన బిడ్డా ఇది, అన్నం ముందర కూసుంటే తినబుద్ధి అయితలేదు" అన్నది. మూత తీసి చూస్తే తొక్కలన్నీ నల్లగా, జిగటగా ముద్దకట్టి ఉన్నాయి. అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు నిలిచాయి.

ఆ రాత్రి మా అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమెది వనపర్తి దగ్గర పల్లె. అంతా విని ఒక్కటే అడిగింది: "తడిది ఏమేం ఏసినవో చెప్పినవు. ఎండుది ఏమేసినవు?" నేను ఎండుది ఏమీ వేయలేదు. వేయాలని తెలుసు. కానీ వానలు మొదలయ్యాక ఎండుటాకు ఎక్కడ దొరుకుతుందో తెలియక, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అత్తమ్మ వాళ్ల ఇంటి వెనక పెంటకుప్ప నాకు బాగా తెలుసు. దాని పక్కన నిలబడి మాట్లాడుకున్నా ముక్కు మూసుకునే పని పడేది కాదు. పశువులు తినగా మిగిలిన గడ్డి, సొప్ప, పెండ, పొయ్యి బూడిద, వాకిలి ఊడ్చిన ఆకు అంతా అందులోకే పోయేది. వంటింటి తొక్కలు వాటి మధ్య ఏ మూలో పిడికెడు ఉండేవి. పట్నంలో మన డబ్బాకు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడింది. నిండా తొక్కలు, ఎండుది పిడికెడు. వాసన పుట్టేది ఇక్కడే. అందుకే డబ్బా సంగతికి ముందు ఎండు సరుకు సంగతి చెబుతాను.

రెండు గోనె సంచులు నిండాకే మొదలుపెట్టండి

ఎండు సరుకు అంటే మున్సిపాలిటీ బండి వాళ్లు అడిగే 'పొడి చెత్త' అనుకోకండి. వాళ్లకు ఇచ్చేది ప్లాస్టిక్ కవర్లు, సీసాలు. మనకు కావలసింది చెట్టు మీదనో చేనులోనో పెరిగి, ఇప్పుడు గలగలలాడేలా ఎండినది.

అది మన దగ్గర దొరకక కాదు. దొరికే కాలంలో కాల్చేస్తున్నాం. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే వేప, రావి ఆకు రాలుస్తాయి, వాటి వెనకే కానుగ. ఆ రెండు మూడు నెలలు ఏ కాలనీకి పోయినా పొద్దున్నే ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తారు. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వానాకాలంలో మీ డబ్బాను కాపాడేది ఆ ఆకే. చీపురు పట్టిన మనిషిని అడిగితే సంతోషంగా ఇచ్చేస్తారు. గోనె సంచిలో నింపి, కాళ్లతో తొక్కి నలగ్గొట్టండి. నలిగిన ఆకు తడిని బాగా పీలుస్తుంది, త్వరగా మాగుతుంది. మా ఇంట్లో నలుగురం. రోజుకు ముప్పావు కిలో దాకా తొక్కలు వస్తాయి. నలగ్గొట్టిన ఆకు ఏడాదికి పది సంచుల దాకా పడుతుంది. సంచులు వాన జల్లు తగలని చోట, మా ఇంట్లోలాగా మెట్ల కింద పెట్టుకోవచ్చు. తడిస్తే మళ్లీ ఎండబెట్టుకోవాల్సిందే.

ఆకు అందని నెలల్లో వేరేవి ఉన్నాయి. పాలమూరు వైపు వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌లో యాసంగి పల్లి చేతికొచ్చాక పల్లి పొట్టుకు కొదువ ఉండదు. గుల్లగా ఉంటుంది కాబట్టి చెత్త మధ్య గాలికి దారి ఇస్తుంది. గట్టిది కాబట్టి మాగడానికి నెలలు పడుతుంది, ఆకు పీల్చినంత తడిని పీల్చదు. సగం ఆకు, సగం పొట్టు కలిపితే రెండూ కుదురుతాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊక కూడా అంతే. దానిలో సిలికా అనే ఇసుక లాంటి పదార్థం ఎక్కువ, ఏడాది తర్వాత కూడా ఊక ఊకలాగే కనిపిస్తుంది. గాలి కోసం గుప్పెడు కలపండి, దాన్నే నమ్ముకోకండి. తవుడు మాత్రం వద్దే వద్దు. చూడ్డానికి పొడిగా ఉన్నా దానిలో నూనె ఉంటుంది, తడి తగలగానే ముద్దకట్టి పులుస్తుంది.

వరిగడ్డి దొరికితే వేలెడు పొడుగు ముక్కలుగా నరకండి. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడగొచ్చు, కానీ అది అసలు కట్టె పొట్టేనా అని కనుక్కోండి. ప్లైవుడ్ కోసిన పొట్టులో జిగురు ఉంటుంది, అది మొక్కల మట్టిలోకి పోకూడదు. ఇవేవీ లేకపోతే మెరుపు పూత లేని అట్టపెట్టెలు, గుడ్లు వచ్చే అట్ట ట్రేలు టేపు పీకేసి అరచేతి కన్నా చిన్న ముక్కలుగా చింపండి.

ఇంత ఎండుది ఎందుకంటే, చెత్తను మట్టిగా మార్చే సూక్ష్మజీవులకు ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కార్బన్ కావాలి. కూరగాయల తొక్కల్లో అది 15, 20 దగ్గరే ఆగిపోతుంది. వరిగడ్డిలో 80 దాకా ఉంటుంది, రంపపు పొట్టులో వందల్లో ఉంటుంది. తొక్కలే వేస్తే మిగిలిపోయిన నత్రజని అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. పైగా కూరగాయల్లో నూటికి 80, 90 వంతులు నీళ్లే. కుళ్లేటప్పుడు ఆ నీళ్లు బయటికొచ్చి సందులన్నీ నింపేస్తాయి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ కదలిక పది వేల రెట్లు నెమ్మది. గాలి పీల్చే సూక్ష్మజీవులు చచ్చి, గాలి అక్కర్లేనివి పెరుగుతాయి. మురుగు కాలువ కంపు వాటి పనే.

డబ్బా

మొదలుపెట్టడానికి 20 లీటర్ల పాత పెయింట్ డబ్బాలు రెండు చాలు. ఒకటి నిండాక మాగుతుంటే రెండోది వాడతారు, మొదటిది మాగేలోపే అదీ నిండితే ఇంకొకటి జోడించండి. బాగా కడిగి, కాల్చిన ఇనుప చువ్వతో అడుగున పదీ పన్నెండు, చుట్టూ నాలుగు వరసల్లో పెన్సిల్ మందం రంధ్రాలు చేయండి. లోపల దోమల జాలి అతికిస్తే ఈగలు దూరవు. మట్టి గోలెం దొరికితే ఇంకా మంచిది, దాని గోడలకే గాలి ఆడుతుంది.

డబ్బాను రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి, కింద పాత పళ్లెం ఉంచండి. అడుగున నాలుగు వేళ్ల మందం కంది కట్టె ముక్కలో, కొబ్బరి పీచో పరవండి. నేను మొదటిసారి ఈ పొర వదిలేశాను, నీళ్లు నిలిచింది అందుకే. దాని మీద జానెడు ఎండుటాకు, ఆపైన పాత కంపోస్టో, ఎండిన పెండ పొడో రెండు గుప్పెళ్లు. మూత మీద ఇటుక పెట్టడం మరచిపోవద్దు. మన ఊళ్లలో కోతుల సంగతి చెప్పక్కర్లేదు కదా.

నీడ ఉండే చోటు చూసుకోండి. పడమటి ఎండ పడే గోడ వద్దు, పక్కింటి వాళ్ల కిటికీ కిందా వద్దు.

వాసనను ఆపే పని వంటింట్లోనే మొదలవ్వాలి

తొక్కలను వెంటనే డబ్బాలో పడేయకండి. కూరగాయలు కడిగే చిల్లుల గిన్నె లాంటిది ఒకటి వీటికే కేటాయించండి. అడుగున చించిన అట్టముక్క వేసి, రోజంతా వచ్చిన తొక్కలు అందులో వేస్తే సాయంత్రానికి నీరు కారిపోతుంది. టీ పొడి గట్టిగా పిండి వేయండి. కుడితి, బియ్యం కడిగిన నీళ్లు డబ్బాలో పోయకూడదు, అవి చెట్ల పాదులకు పోయొచ్చు. పెద్ద ముక్కలు అంగుళం సైజుకు తరగండి. సొరకాయ చెక్కు, క్యాబేజీ మట్టలు, పుచ్చకాయ చెక్కలు అలాగే వేస్తే లోపల కుళ్లి పైకి బాగున్నట్టే కనిపిస్తాయి.

నీరు ఎక్కువున్న వాటికి మన ఎండనే వాడుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పుచ్చకాయ చెక్కలు, మామిడి తొక్కలు మిద్దె మీద పాత చాటలో పరిస్తే ఒక్క మధ్యాహ్నంలో సగం బరువు పోతుంది. కొల్లాపూర్ మామిడి వచ్చే రోజుల్లో తొక్కలు ఇలా ఎండబెట్టకుండా మేము ఒక్కటి కూడా వేయం. నల్లగొండ ఇళ్లలో బత్తాయి తొక్కలు కుప్పలుగా వస్తాయి. మొదట మంచి వాసనే అనిపించినా, ఎక్కువైతే పులుపు పెరిగి, ఆకుపచ్చ బూజు పట్టి, మిగతాదాన్ని మాగనివ్వవు. వాటిని ఎండబెట్టి, ముక్కలు చేసి, రోజుకు గుప్పెడు మించకుండా వేయండి. దసరా తర్వాత బాలానగర్ సీతాఫలాలు వస్తాయి. వాటి తొక్కల లోపల తీపి గుజ్జు చిన్న ఈగలను పిలుస్తుంది, కాబట్టి అవి వేసిన రోజు పైన ఆకు రెట్టింపు వేయాలి. బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగు కాడలు, పూజ పూలు నిశ్చింతగా వేయొచ్చు. దారాలు, కాగితాలు తీసేస్తే చాలు.

ఆదివారం కోడికూర, మటన్ బొక్కలు, చేపల పొలుసు, పాలు, పెరుగు, నూనె తేలే కూరలు ఈ చిన్న డబ్బాలోకి రానివ్వకండి. పెద్ద కుప్పల్లో లోపలి వేడి 55 డిగ్రీలు దాటుతుంది, అక్కడ అవి మాగిపోతాయి. మన 20 లీటర్ల డబ్బాలో అంత వేడి నిలవదు. మాంసం కుళ్లి కంపు కొడుతుంది, ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. మిగిలిన అన్నం మెతుకులు మెత్తని ముద్దగా మారి గాలిని ఆపేస్తాయి. గిన్నె అడుగున అంటుకున్నంత అయితే ఆకులో కలిపి వేయండి, అంతకు మించితే ఏ బర్రెకో ఆవుకో పెట్టడం మేలు.

వేసే తీరు

సాయంత్రం ఒక్కసారే మూత తీయండి. తొక్కలు ఒక గిన్నె వేస్తే, నలిగిన ఆకు ఒకటిన్నర నుంచి రెండు గిన్నెలు. బరువు చూడకండి, గిన్నె లెక్కే చూడండి. సగం ఆకును తొక్కల్లో చేత్తోనే కలపండి. మిగతా సగాన్ని పైన పరవండి, ఒక్క తొక్క కూడా కంటికి కనిపించకూడదు. దాని మీద పాత కంపోస్టు గుప్పెడు చల్లితే ఇంకా మంచిది. కింది నుంచి వచ్చే దుర్వాసనను ఆ పై పొరలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. నేను వాసన ఆపడానికి చాలా రకాలు ప్రయత్నించాను. ఈ రెండంగుళాల పై పొర చేసినంత పని ఇంకేదీ చేయలేదు.

వారానికి రెండుసార్లు కర్రతో అడుగు నుంచి పైకి తిరగేయండి. దీనికి పాత చరిత్ర ఉంది. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసిన ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ మన రైతుల అలవాట్లు చూసి తయారు చేసిన ఇండోర్ పద్ధతిలో కుప్పను తిరగేయడం ముఖ్యం. సి.ఎన్. ఆచార్య అనే శాస్త్రవేత్త రూపొందించిన బెంగళూరు పద్ధతిలో గుంత నింపి, పైన మట్టితో మెత్తి, తిరగేయకుండా నెలల తరబడి వదిలేస్తారు. వాసన ఆ మట్టి పూత కిందే ఆగుతుంది. రోజూ మూత తీసే మనకు ఆ వీలు లేదు కాబట్టి ఇండోర్ దారే మనది.

తిరగేసినప్పుడు ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. చెయ్యి తడిగా అనిపించి, వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ధారగా కారితే ఆకు తక్కువైంది. పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి.

వాసన వచ్చేసిందా? ఏ వాసనో చూడండి

అన్ని కంపులకూ ఒకే మందు లేదు. మూత తీయగానే ముక్కుకు ఏం తగిలిందో గుర్తుపట్టండి.

కుళ్లిన గుడ్డు, మురుగు కాలువ లాంటి వాసన వస్తే లోపల గాలి లేదు, నీళ్లెక్కువ. దీనికి పైపైన ఆకు చల్లితే లాభం లేదు, మొత్తం బయటికి తీయాలి. కింద ఇంటి వాళ్లకు ముందే ఒక మాట చెప్పండి, గంటసేపు వాసన వస్తుందని. అన్నాల వేళ కాకుండా పొద్దున పది గంటల ప్రాంతంలో మిద్దె మీద పాత పరదా పరిచి డబ్బా బోర్లించండి. ముద్దలు విడగొట్టండి. దానంత ఎండుటాకు, పల్లి పొట్టు తెచ్చి కలపండి. అడుగు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, పుల్లతో పొడిచి తెరవండి. గంట ఆరనిచ్చి, కట్టె ముక్కల పొర కొత్తగా వేసి, మళ్లీ నింపి, పైన పాత కంపోస్టు పరవండి. ఐదు రోజులు కొత్త తొక్కలు వేయకండి. ఆ జూన్‌లో అత్తమ్మ బస్సులో తెచ్చిన రెండు సంచుల పల్లి పొట్టుతో నేను చేసింది ఇదే. మూడో రోజు కింది పెద్దమ్మ నన్ను ఆపి "తీసేసినవా బిడ్డా డబ్బా?" అని అడిగింది. డబ్బా అక్కడే ఉంది.

పశువుల కొట్టంలో మూత్రం నిలిచిన చోట ఉండే ఘాటు వాసన, కళ్లు కొంచెం మండినట్టు ఉంటే అది అమ్మోనియా. ఆకుకూర మట్టలు, పచ్చి పెండ, టీ పొడి ఎక్కువయ్యాయన్నమాట. రంపపు పొట్టో, చించిన అట్టో కలిపి తిరగేస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది. ఇక్కడ చాలామంది సున్నం చల్లుతారు. దయచేసి చల్లకండి. సున్నం పడితే అమ్మోనియా ఇంకా ఎక్కువగా బయటికొస్తుంది, బూడిద కూడా అంతే.

నిలవ కల్లు, పులిసిన కుడితి వాసన వస్తే పండ్ల తొక్కలో, అన్నమో ఎక్కువైంది. తిరగేసి ఆకు కలపండి. ఈ ఒక్కదానికి మాత్రం కట్టె బూడిద ఒక చెంచా చల్లొచ్చు, పులుపు విరుగుతుంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, క్యాబేజీ వాసన అలాగే నిలిస్తే అవి పైన తేలి ఉన్నట్టు, లోపలికి కప్పేయండి.

ఫినాయిల్, రూమ్ స్ప్రే, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ వేయకూడదు. పని చేసే సూక్ష్మజీవులన్నీ చస్తాయి. బ్లీచింగ్ పౌడర్ అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది, పిల్లలున్న ఇంట్లో ఆ ప్రమాదం తెచ్చుకోవద్దు.

ఈగలు, పురుగులు

పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు వస్తే పై పొర పలచబడిందని అర్థం. వేప పిండి పిడికెడు ఆకులో కలిపి పరిస్తే తగ్గుతాయి. బూడిద రంగులో, చదునుగా, వేలి కణుపంత పురుగులు కనిపిస్తే భయపడకండి. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. తల్లి ఈగ మన అన్నం మీద వాలేది కాదు. ఈ పిల్లలు తొక్కలను చాలా వేగంగా తింటాయి, అవి ఉన్నచోట మామూలు ఈగలు తగ్గుతాయి. చూడ్డానికి ఇబ్బందిగా ఉంటే, ఎండుది పెంచండి. తడి తగ్గితే వాటి సంఖ్యా తగ్గుతుంది.

కింది పళ్లెంలో చేరే నల్ల నీళ్లు రోజు విడిచి రోజు తీసేయండి, సగం వాసన అక్కడి నుంచే వస్తుంది. కంపు లేకపోతే ఒకటికి పది వంతుల నీళ్లు కలిపి పూల మొక్కల పాదుల్లో పోయొచ్చు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాకు పోయకండి.

వాన, ఎండ

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలోనే తడి ఉంటుంది. ఆకు రెండు గిన్నెలకు తగ్గొద్దు, వారానికి మూడుసార్లు తిరగేయాలి, మూత మీద రేకు ముక్క అడ్డం పెట్టి జల్లు లోపలికి రాకుండా చూడాలి. వరసగా ముసురు పట్టిన రోజుల్లో నేను తొక్కలను గిన్నెలోనే ఆకు కలిపి ఒక రోజు ఆపి, మర్నాడు వేస్తాను.

ఎండాకాలం కథ వేరు. నల్లగొండలో 44, 45 డిగ్రీలు పడ్డ రోజుల్లో డబ్బా ఎండిపోతుంది. వాసన ఉండదు కాబట్టి అంతా బాగుందనుకుంటాం, కానీ లోపల పని ఆగిపోతుంది. తర్వాత మొదటి వానకు అదంతా ఒక్కసారి తడిసి కంపు లేస్తుంది. అందుకే వేసవిలో రెండు రోజులకోసారి పిండి చూసి, పలచని సల్ల గానీ నీళ్లు గానీ చిలకరించండి, డబ్బా చుట్టూ తడి గోనె చుట్టండి.

నిండిన డబ్బాకు మూత వేసి, వారానికోసారి తిరగేస్తూ రెండు మూడు నెలలు వదిలేయండి. తొక్క ఏదో, ఆకు ఏదో తెలియకుండా నల్లగా రాలిపోయేలా మారి, తొలకరి వానకు నేల మీద లేచే వాసన వస్తే తయారైనట్టే. ఆ వాసన కూడా మట్టిలోని సూక్ష్మజీవులు పుట్టించే జియోస్మిన్ అనే పదార్థానిదే. జల్లెడ పట్టండి. జల్లెడలో మిగిలిన పల్లి పొట్టు, పుల్లలు కొత్త డబ్బా అడుగున పరవడానికి పనికొస్తాయి. జల్లించిన దానిలో ఒక చిన్న బకెట్ నిండా పక్కన పెట్టుకుని మిగతాది మొక్కలకు వేయండి. రేపు సాయంత్రం తొక్కల మీద గుప్పెడు చల్లాల్సింది ఆ బకెట్‌లోదే.